కార్డు చూసుకుని మందు ఇస్తే తప్పేంటి? కొత్త స్టాఫ్ నర్సు ప్రశ్నకు నా జవాబు

ప్రశ్న క్లుప్తంగా ఇది. జీఎన్‌ఎం (మూడేళ్ళ నర్సింగ్ డిప్లొమా) అయిపోయి తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి మెడికల్ వార్డులో కొత్తగా చేరిన అమ్మాయి, జేబులో చిన్న నోట్‌బుక్కు, ఫోన్‌లో ఒక మందుల యాప్ పెట్టుకుని పేషెంట్ దగ్గర చూసుకుంటూ ఉంటే సీనియర్ సిస్టర్ ఒకావిడ "చూసి వేసేదానికి మూడేళ్ళు చదవడం దేనికి?" అని అందరి ముందూ అనేసిందట. పేషెంట్ తాలూకు వాళ్ళు కూడా అనుమానంగా చూస్తున్నారట. అడిగినవి మూడు: ఇలాంటివి పెట్టుకోవచ్చా, పెట్టుకుంటే ఏవి పెట్టుకోవాలి, ఏ యాప్ మంచిది?

పెట్టుకో అమ్మా, ఏమీ మొహమాటపడకు. కాకపోతే షాపులో కొన్న కార్డో, ఎవరో వాట్సాప్‌లో పంపిన పీడీఎఫో కాకుండా, మీ వార్డు ట్రాలీలో ఉన్న యాంపూల్‌నీ, మీ స్టోర్ ఇచ్చే ఐవీ సెట్‌నీ ముందు పెట్టుకుని నువ్వే రాసుకున్న కార్డు పెట్టుకో. యాప్ ఆ తర్వాతే. ఎందుకంటే పుస్తకం గానీ యాప్ గానీ ఆ మందు గురించి చెబుతుంది, నీ చేతిలో ఉన్న ఆ సీసా గురించి చెప్పదు. బెడ్ పక్కన జరిగే పొరపాట్లలో నేను చూసినవి చాలావరకు ఈ రెంటి మధ్య సందులోనే జరిగాయి. మందు పేరు కరెక్టే, డోసు కరెక్టే, సీసాలో ఉన్న బలం వేరు.

నేను తిరుపతిలోనే వార్డులోనూ ఐసీయూలోనూ చాలా ఏళ్ళు చేసి, ఇప్పుడు కొత్తగా చేరేవాళ్ళకి వార్డు పని నేర్పిస్తున్నాను. కాబట్టి నాకు తెలిసింది కొంచెం వివరంగానే రాస్తాను, టీ తాగుతూ చదువుకో.

మొదట ఆ సీనియర్ అన్న మాట సంగతి. ఆవిడ అన్న తీరు బాగాలేదు, కానీ ఆ మాటలో న్యాయం అసలు లేదని అనను. కొన్ని విషయాలు కార్డులో ఉండకూడదు, బుర్రలోనే ఉండాలి. మనిషి పడిపోయి నాడి అందడం లేదంటే కార్డు తీసే టైం ఎక్కడిది? నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీ నొక్కడం, 30 నొక్కులకు 2 శ్వాసలు, అడ్రినలిన్ 1 మిల్లీగ్రాము 3 నుంచి 5 నిమిషాలకోసారి నరంలోకి. ఇంజెక్షన్ ఇచ్చిన వెంటనే దద్దుర్లు లేచి, గొంతు పట్టేసి, బీపీ పడిపోతుంటే పెద్దవాళ్ళకి అదే అడ్రినలిన్ అర మిల్లీగ్రాము, అంటే 1 మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము ఉండే యాంపూల్‌లో సగం, తొడ బయటి వైపు కండలోకి. ఇవి నిద్రలో లేపి అడిగినా నోటికి రావాలి. ఇలాంటివి కూడా ఫోన్‌లో వెతుకుతుంటే ఆవిడ తిట్టడం సబబే.

కానీ 500 మిల్లీలీటర్ల సెలైన్ 6 గంటల్లో వెళ్ళాలంటే నిమిషానికి ఎన్ని చుక్కలో నైట్ డ్యూటీలో తెల్లవారుజామున మనసులో లెక్క కట్టడం గొప్పతనం కాదు, అనవసరమైన రిస్కు. అది కార్డులో ఉండాల్సిన విషయం.

చుక్కల లెక్క. అన్నిటికంటే ఎక్కువసార్లు పనికొచ్చేది ఇదే, అందుకే ఇక్కడ కొంచెం ఆగుతాను. సూత్రం నీకు తెలిసిందే: మిల్లీలీటర్లను సెట్ చుక్కల సంఖ్యతో గుణించి, నిమిషాలతో భాగించడం. అసలు తిరకాసు ఆ చుక్కల సంఖ్యలోనే ఉంది. మన దగ్గర మామూలు ఐవీ సెట్ ఎక్కువగా మిల్లీలీటరుకు 20 చుక్కలది, మైక్రో సెట్ 60 చుక్కలది. బయటి దేశాల పుస్తకాలు, యాప్‌లు చాలాసార్లు 15 చుక్కలో 10 చుక్కలో పెట్టి లెక్క చూపిస్తాయి, ఎందుకంటే అక్కడ ఆ సెట్లు కూడా బాగా వాడతారు. 500 మిల్లీలీటర్లు 6 గంటల్లో అంటే 20 చుక్కల సెట్‌లో నిమిషానికి 28 చుక్కలు. యాప్ 15 అనుకుని చెబితే 21 వస్తుంది. నువ్వు ఆ 21 పెట్టి వెళ్ళిపోతే 6 గంటల బాటిల్ 8 గంటలు నడుస్తుంది. డీహైడ్రేషన్‌తో వచ్చిన ముసలాయనకి ఆ తేడా చిన్నదేం కాదు. యాప్ తప్పు చెప్పలేదు, నీ చేతిలో ఏ సెట్ ఉందో దానికి తెలియదు, అంతే.

అందుకని సెట్ కవర్ మీద చూడు, చుక్కల సంఖ్య అక్కడే అచ్చు వేసి ఉంటుంది. చూసి కార్డు మీద ఇలా రాసుకో: 500 మిల్లీలీటర్లకి 4 గంటలైతే 42, 6 గంటలైతే 28, 8 గంటలైతే 21, 12 గంటలైతే 14. ఇంకా సులువు కావాలంటే గంటకి ఎన్ని మిల్లీలీటర్లో చూసి, 20 చుక్కల సెట్‌కి 3తో భాగించు, 15 చుక్కల సెట్‌కి 4తో భాగించు, మైక్రో సెట్‌కి ఏమీ చేయనక్కర్లేదు, గంటకి ఎన్ని మిల్లీలీటర్లో నిమిషానికి అన్ని చుక్కలు. ఇది ఒక్కటి పట్టుబడితే సగం టెన్షన్ పోతుంది. ఒక్క మాట, స్టోర్ వాళ్ళు సెట్ కంపెనీ మార్చారంటే కవర్ మళ్ళీ చూడాలి.

ఇన్సులిన్. ఇది మన దేశానికి ప్రత్యేకమైన గొడవ. విదేశీ పుస్తకంలో దీని గురించి పెద్దగా కనబడదు, ఎందుకంటే అక్కడ మామూలుగా వాడేది 100 యూనిట్ల ఇన్సులిన్. మన వార్డుల్లో వయల్ మీద చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్లు అని ఉంటుంది, పెన్నుల్లో, కార్ట్రిడ్జ్‌లలో, కొన్ని వయల్స్‌లో 100 యూనిట్లు. సిరింజ్‌లు కూడా రెండు రకాలు: ఎర్ర మూత ఉన్నది 40కి, నారింజ రంగు మూత ఉన్నది 100కి. 40 వయల్ నుంచి నారింజ సిరింజ్‌తో 10 గీత దాకా లాగితే పేషెంట్‌కి వెళ్ళేది 4 యూనిట్లే. అదే 100 ఇన్సులిన్‌ని ఎర్ర సిరింజ్‌తో 10 గీత దాకా లాగితే 25 యూనిట్లు వెళ్ళిపోతాయి. మొదటి దాంట్లో షుగర్ ఎందుకు తగ్గడం లేదో అర్థంకాక డోసు పెంచుకుంటూ పోతారు, రెండో దాంట్లో మనిషి చెమటలు పట్టి స్పృహ తప్పుతాడు.

చిత్తూరు వైపు పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కేసు చెబుతాను. ఇంట్లో పెన్ను పాడైపోయింది. పారేయడం ఎందుకని కొడుకు ఆ కార్ట్రిడ్జ్‌లోంచే ఎర్ర మూత సిరింజ్‌తో లాగి, ఎప్పుడూ వేసే యూనిట్ల గీత దాకా వేశాడు. గీత అదే, లోపలికి వెళ్ళింది రెండున్నర రెట్లు. మత్తుగా పడిపోయి మన దగ్గరికి తెచ్చారు. డ్యూటీలో ఉన్న అమ్మాయి షుగర్ చూసి, డాక్టర్‌ని పిలిచి డెక్స్‌ట్రోజ్ ఎక్కించింది, ఆవిడ తేరుకుంది. నాకు నచ్చింది ఏమిటంటే ఆ పిల్ల అక్కడితో ఆగకుండా ఆ కొడుకుని పక్కకి పిలిచి, సంచిలోంచి సిరింజ్ తీయించి, కార్ట్రిడ్జ్ మీద 100 అనీ సిరింజ్ మీద 40 అనీ ఉన్నవి పక్కపక్కన పెట్టి చూపించింది. తన జేబు కార్డు వెనకవైపు ఆ రెండు మూతలూ స్కెచ్ పెన్నుతో రంగు వేసుకుని ఉన్నాయి, అదీ చూపించింది. "అట్లనా మ్మా, రెండూ ఒకటే అనుకుంటిమే" అన్నాడు ఆయన. కార్డు నర్సుకే కాదు, ఇంటికి వెళ్ళాక సూది వేసేవాళ్ళకి కూడా పనికొచ్చిందన్నమాట.

ఇన్సులిన్ పంపు పెట్టాల్సి వచ్చినప్పుడు కూడా ఇదే జాగ్రత్త. 50 మిల్లీలీటర్లలో 50 యూనిట్లు అని ఆర్డర్ ఉంటే 40 వయల్ నుంచి తీయాల్సింది 1.25 మిల్లీలీటర్లు, 100 వయల్ నుంచి అర మిల్లీలీటరు. ఈ రెండు అంకెలూ కార్డు మీద ఉండాలి.

పొటాషియం క్లోరైడ్. 10 మిల్లీలీటర్ల యాంపూల్, మిల్లీలీటరుకు 150 మిల్లీగ్రాములు, అంటే మొత్తం యాంపూల్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్లు (పొటాషియం కొలిచే యూనిట్). డాక్టర్ ఆర్డర్ ఒకసారి యాంపూల్స్‌లో రాస్తారు, ఒకసారి మిల్లీ ఈక్వివలెంట్లలో రాస్తారు, ఆ మార్పిడి కార్డులో ఉండాలి. నేరుగా నరంలోకి తోయడం అనేది ఎప్పుడూ, ఎవరు చెప్పినా లేదు, గుండె ఆగిపోతుంది. మామూలు చేతి కాన్యులాలో (నరంలో పెట్టే సన్నని గొట్టంలో) అయితే గంటకి 10 మిల్లీ ఈక్వివలెంట్లు దాటకుండా చూస్తారు. అంతకంటే వేగంగా ఆర్డర్ ఉంటే సెంట్రల్ లైన్ (గుండె దగ్గరి పెద్ద నరంలో పెట్టే గొట్టం), మానిటర్ గురించి డాక్టర్‌ని అడగాల్సిందే. ఇంకొకటి, కార్డుల్లో ఎవరూ రాయనిది: వేలాడుతున్న బాటిల్‌లోకి పొటాషియం కలిపి అలాగే వదిలేస్తే అది బరువుకి కిందికి దిగి, మొదట వెళ్ళే చుక్కల్లోనే చిక్కగా వెళుతుంది. బాటిల్ దించి, కలిపి, తలకిందులుగా నాలుగైదు సార్లు తిప్పి, అప్పుడు తగిలించాలి. మీ కార్డు మీద "తిప్పు" అని పెద్ద అక్షరాలతో రాసుకో.

హెపారిన్ కూడా ఈ కోవలోదే. 5 మిల్లీలీటర్ల వయల్ రెండు బలాల్లో వస్తుంది, మిల్లీలీటరుకు 1000 యూనిట్లది, 5000 యూనిట్లది. చూడడానికి ఒకేలా ఉంటాయి. ఐదు రెట్ల తేడా. మీ ట్రాలీలో రెండూ ఒకే డబ్బాలో ఉంటే ఇన్‌ఛార్జి సిస్టర్‌కి చెప్పి విడదీయించు, కార్డు కంటే అది ముఖ్యం.

దేనితో ఏది కలపాలి. దీన్ని చిన్న పట్టికలా రాసుకోవచ్చు. ఫెనిటోయిన్ నార్మల్ సెలైన్‌లోనే, డెక్స్‌ట్రోజ్‌లో పొడిలా తేలిపోతుంది, పైగా పెద్దవాళ్ళకి నిమిషానికి 50 మిల్లీగ్రాములు దాటకూడదు, ముసలివాళ్ళకి ఇంకా నెమ్మదిగా. అమియోడరోన్ 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లో. యాంఫోటెరిసిన్ కూడా డెక్స్‌ట్రోజ్‌లోనే. రక్తం ఎక్కిస్తున్న లైన్‌లో నార్మల్ సెలైన్ తప్ప ఇంకేదీ వద్దు. సెఫ్ట్రియాక్సోన్‌ని ఆర్‌ఎల్‌తో (రింగర్ లాక్టేట్ సెలైన్‌తో) కలపొద్దు, అందులో కాల్షియం ఉంటుంది. వాంకోమైసిన్ 1 గ్రాము కనీసం గంట సేపు, తొందరపడితే ముఖం, మెడ, ఛాతీ ఎర్రబడి దురద మొదలవుతుంది. మెడికల్ వార్డుకి మొదట ఈ మాత్రం చాలు, మీరు రోజూ వాడే మందుల్ని బట్టి పెంచుకో. వాడని మందులు రాయకు. కొన్న కార్డుల్లో వచ్చే చిక్కే అది, ప్రపంచంలోని మందులన్నీ ఉంటాయి, కావాల్సింది మాత్రం దొరకదు.

ఇక స్కోర్ల సంగతి. స్పృహ చూసే గ్లాస్గో స్కేల్ కార్డు అందరి దగ్గరా ఉంటుంది. 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెనెట్ అనే ఇద్దరు డాక్టర్లు తయారుచేసింది. కళ్ళకి 4, మాటకి 5, కదలికకి 6, మొత్తం 15, కనిష్ఠం 3. మొత్తం ఒక్కటే రాయకుండా మూడూ విడివిడిగా రాయి, ఎందుకంటే మొత్తం 9 అంటే ఏది తగ్గిందో రాత్రి వచ్చే డాక్టర్‌కి తెలియదు. తిరుపతిలో దీనికి ఇంకో చిక్కు ఉంది. మన దగ్గరికి వచ్చే వాళ్ళలో కొండకి వచ్చిన యాత్రికులు ఎంతమందో. మహారాష్ట్ర నుంచి వచ్చిన పెద్దాయనని తెలుగులో "ఇది ఏ ఊరు, ఇప్పుడు ఏ నెల" అని అడిగి, తడబడితే మాటకి 4 అని రాసేస్తే అది ఆయన మెదడు సంగతి కాదు, మన ప్రశ్న సంగతి. వెంట వచ్చినవాళ్ళని పిలిచి వాళ్ళ భాషలో అడిగించు. ఎవరూ లేకపోతే స్కోరు పక్కన "భాష వేరు" అని రాయి. నేను నేర్పించే పిల్లల చేత తమిళం, కన్నడం, హిందీలో ఒక అరడజను ప్రశ్నలు తెలుగు అక్షరాల్లో రాయిస్తాను: నొప్పి ఎక్కడ, ఆయాసం ఉందా, షుగర్ ఉందా, ఏ మందు పడదు, ఆఖరుగా ఏం తిన్నారు, మూత్రం వచ్చిందా. పక్క బెడ్ వాళ్ళనో స్వీపరమ్మనో అడిగి పలికే తీరు సరిచూసుకోవాలి. మనకిక్కడ తమిళం రాని వార్డే ఉండదు కాబట్టి అదేం కష్టం కాదు. ఈ కార్డు ఏ కంపెనీ అమ్మదు, కానీ మన ఊళ్ళో ఇది లేకుండా నైట్ డ్యూటీ చేయడం కష్టం.

పేషెంట్ పరిస్థితి దిగజారుతోందా అని ముందే పసిగట్టే న్యూస్ 2 స్కోరు గురించి ఎక్కువ చెప్పాలి. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ వాళ్ళు 2012లో తెచ్చి 2017లో సవరించినది. శ్వాస, ఆక్సిజన్ శాతం, ఆక్సిజన్ పెట్టామా లేదా, పై బీపీ, నాడి, స్పృహ, జ్వరం, వీటికి ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కులు. మొత్తం 5 అయితే డాక్టర్ వెంటనే చూడాలి, 7 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే ఎమర్జెన్సీ. ఏదైనా ఒక్కదానిలోనే 3 వచ్చినా డాక్టర్‌కి చెప్పాలి. ఒక పేషెంట్‌ని ఊహించుకో: శ్వాస నిమిషానికి 24, నాడి 112, ఆక్సిజన్ 94 శాతం బయటి గాలి మీదే, పై బీపీ 104, జ్వరం 38.4 డిగ్రీలు, మెలకువగానే ఉన్నాడు, మాట్లాడుతున్నాడు. విడివిడిగా చూస్తే ఏదీ భయపెట్టేలా లేదు కదా? మార్కులు వేస్తే 2, 2, 1, 1, 1, మొత్తం 7. అంటే ఆ మనిషి ఇప్పటికే జారుతున్నాడు.

ఇప్పుడు అసలు విషయం. మన వార్డు చార్టుల్లో శ్వాస కాలమ్ చూడు, పై నుంచి కింది దాకా 20, 20, 20. ఎవరూ లెక్కపెట్టరు. ఇదే పేషెంట్‌కి 24 బదులు 20 అని రాస్తే స్కోరు 7 నుంచి 5కి పడిపోతుంది. స్కోరు కార్డు ఎంత మంచిదైనా, అందులో వేసిన అంకె ఊహించి వేసిందైతే దానివల్ల ఉపయోగం లేకపోగా నష్టం కూడా. చేతి మీద చేయి వేసి నాడి చూస్తున్నట్టే ఉండి, పూర్తి నిమిషం పొట్ట కదలిక లెక్కపెట్టు. మనం చూస్తున్నామని తెలిస్తే పేషెంట్ ఊపిరి మార్చేస్తాడు.

ఆ కార్డు ఇంగ్లండ్ వాళ్ళది కాబట్టి జ్వరం సెంటిగ్రేడులో ఉంటుంది. మన థర్మామీటర్లు ఫారెన్‌హీట్. 101 చూసి కార్డులో ఎక్కడ పెట్టాలో తెలియక వదిలేసిన పిల్లల్ని చూశాను. నీ కార్డులో మార్చి రాసుకో, 38.1 నుంచి 39 దాకా అంటే సుమారు 100.6 నుంచి 102.2. ఇంకా, 16 ఏళ్ళ లోపు పిల్లలకీ గర్భిణులకీ ఈ స్కోరు వాడకూడదు.

పుండ్లకి బ్రేడెన్ స్కేల్, 6 నుంచి 23 దాకా, 18 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే మంచంపుండు పడే ముప్పు ఉన్నట్టు. కాన్యులా దగ్గర నరం వాపుకి 0 నుంచి 5 స్కోరు, 2 వస్తే తీసేసి వేరే చోట పెట్టాలి. వీటి గురించి ఇంతకన్నా చెప్పేదేం లేదు, కార్డు మీద ఒక్కో లైను చాలు.

జేబులో వద్దు, గోడ మీద కావాలి అనిపించేవి కొన్ని ఉన్నాయి. మన జిల్లాలో వేరుశనగ చేలల్లో, మామిడి తోటల్లో పాము కరిచి వచ్చేవాళ్ళు తక్కువేం కాదు. రక్తం గడ్డకడుతోందో లేదో చూసే 20 నిమిషాల పరీక్ష క్యాజువాలిటీ గోడ మీద రాసి ఉండాలి. అప్పుడే తీసిన రక్తం 2 మిల్లీలీటర్లు, పొడిగా శుభ్రంగా ఉన్న గాజు ట్యూబ్‌లో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూడాలి. కారిపోతే గడ్డకట్టలేదని అర్థం, వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. ట్యూబ్ గాజుదే అయి ఉండాలి, ప్లాస్టిక్‌ది వద్దు. సబ్బు నీళ్ళతో కడిగి మళ్ళీ వాడిన ట్యూబ్ కూడా వద్దు, రక్తం మామూలుగా ఉన్నా గడ్డకట్టకుండా తప్పు ఫలితం ఇస్తుంది. మధ్యలో "చూద్దాం" అని ఎవరో ఒకరు ఊపుతారు, అందుకని ట్యూబ్ పక్కన "ముట్టుకోవద్దు" అని చీటీ, మొదలుపెట్టిన టైం రాసి పెట్టాలి. విషం విరుగుడు మందు మొదలుపెట్టే ముందే అడ్రినలిన్ సిరింజ్‌లోకి తీసి పక్కన ఉంచుకోవాలి, ఇది కూడా ఆ గోడ కాగితం మీదే.

ప్రసూతి వార్డులో మెగ్నీషియం సల్ఫేట్‌ది కూడా అలాంటి కాగితమే. 50 శాతం యాంపూల్ 2 మిల్లీలీటర్లు, అంటే 1 గ్రాము. ప్రతి డోసుకు ముందు మోకాలి దెబ్బకి కాలు లేస్తోందా, శ్వాస ఎంత, గడిచిన 4 గంటల్లో మూత్రం 100 మిల్లీలీటర్లైనా వచ్చిందా అని చూడాలి, విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ పక్కనే ఉండాలి. నీది మెడికల్ వార్డు కాబట్టి దీన్ని ఇక్కడ వదిలేస్తాను.

పురుగుమందు తాగినవాళ్ళు వస్తే డాక్టర్లు సలహా అడగడానికి ఢిల్లీ ఎయిమ్స్ విషాల సమాచార కేంద్రం నంబరు 1800 116 117, మందు వల్ల చెడు ప్రభావం కనిపిస్తే చెప్పడానికి 1800 180 3024. ఈ రెండూ నర్సింగ్ స్టేషన్ ఫోన్ పక్కన అంటించండి.

యాప్ సంగతి. ఏది మంచిది అని అడిగావు, నేను పేరు చెప్పను, ఎందుకంటే ఏ యాప్ తీసుకున్నా చూడాల్సినవి ఒకటే. నెట్ లేకపోయినా పనిచేయాలి, మన పాత బిల్డింగుల ఐసీయూలో సిగ్నల్ ఉండదు. మందు జెనరిక్ పేరుతో వెతికితే రావాలి, ఎందుకంటే మన బ్రాండ్ పేర్లు విదేశీ యాప్‌లో ఉండవు, ఒక్కోసారి అదే పేరుతో అక్కడ వేరే మందు ఉంటుంది. డోసు ఏ యూనిట్లలో చెబుతోందో చూడాలి. మన దేశానిది కావాలంటే ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ వాళ్ళ నేషనల్ ఫార్ములరీ ఆఫ్ ఇండియా ఒక కాపీ వార్డులో ఉంచమని అడగండి. అన్నిటికంటే దగ్గరగా ఉండి ఎవరూ చదవనిది మందు డబ్బాలోని మడత కాగితం. దాన్ని పారేయకుండా ట్రాలీ డ్రాయర్‌లో ఒక క్లిప్పుకి పెట్టండి, అక్షరాలు చీమల్లా ఉంటాయి కాబట్టి ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూసుకోవచ్చు.

ఈ మధ్య పిల్లలు చాట్‌బాట్‌ని అడుగుతున్నారు. మందు ఎలా పనిచేస్తుంది, ఆ జబ్బు ఏమిటి అని ఇంటి దగ్గర చదువుకోవడానికి అడుగు, తప్పులేదు. బెడ్ దగ్గర డోసు కోసం మాత్రం అడగొద్దు. అది తప్పు చెప్పినా అంతే ధీమాగా చెబుతుంది, ఆ తప్పు నీ సంతకం కింద పడుతుంది. కేస్ షీట్ ఫొటో అందులో వేయడం, వాట్సాప్ గ్రూపులో పెట్టడం అసలే వద్దు, పేషెంట్ పేరు, జబ్బు మన చేతుల్లోంచి బయటికి పోకూడదు.

ఫోన్ ఇంకో రకంగా కూడా ఇబ్బందే. గ్లౌజు వేసుకుని ఫోన్ ముట్టుకుని మళ్ళీ కాన్యులా ముట్టుకోవడం రోజూ చూస్తున్నాను. ఫోన్‌ని పేషెంట్ చుట్టూ ఉన్న వస్తువులతో సమానంగానే లెక్కపెట్టు, ముట్టుకున్నాక చేతులు శుభ్రం చేసుకో. లామినేట్ చేసిన కార్డుని స్పిరిట్‌తో తుడవొచ్చు, అందుకే నాకు కార్డంటేనే ఇష్టం.

పేషెంట్ వాళ్ళు అనుమానంగా చూస్తారు అన్నావు కదా. మా దగ్గర ఒకాయన సూటిగానే అన్నాడు, "ఏం సిస్టరమ్మా, సెల్లు చూసుకుంటా సూదేస్తా ఉండావు?" అని. వాళ్ళకి మనం రీల్స్ చూస్తున్నామో మందు చూస్తున్నామో ఎలా తెలుస్తుంది? అందుకని చూసేది మందు తయారుచేసే చోటే, ట్రాలీ దగ్గరే చూసుకో, బెడ్ దగ్గరికి వెళ్ళేటప్పటికి నీ చేతిలో మందు, చార్టు ఉంటే చాలు. బెడ్ దగ్గరే చూడాల్సి వస్తే నోటితో చెప్పు, "ఇది కొంచెం ఘాటు మందు పెదనాయనా, ఎంత స్పీడులో ఇవ్వాలో ఇంకోసారి సరిచూసుకుంటున్నా" అని. ఇలా చెప్పినందుకు నమ్మకం తగ్గిన మనిషిని నేను చూడలేదు. పైగా ఆ తర్వాత సూది వేసే ప్రతి ఒక్కరినీ "చూసుకున్నావా మ్మా?" అని అడగడం మొదలుపెడతారు, అది మనకే మంచిది.

సీనియర్‌తో ఎలా నెట్టుకురావాలంటే, వాదించకు. కార్డు తీసుకెళ్ళి "అక్కా, ఇవి మన ట్రాలీ చూసి రాసుకున్నా, ఒకసారి తప్పులుంటే చెప్తారా" అని ఆవిడ చేతికే ఇవ్వు. ఆవిడ తప్పు పట్టుకుంటే నీ కార్డు బాగుపడుతుంది, పట్టుకోకపోతే ఆ కార్డుకి ఆవిడ ఒప్పుకున్నట్టే. పెద్ద రిస్కు మందులకి, అంటే ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం, పంపు మీద వెళ్ళే బీపీ మందులు, ఇవ్వబోయే ముందు రెండో నర్సు చేత చూపించుకోవడం చాలా ఆసుపత్రుల్లో రూలే. అక్కడ నీ లెక్క చెప్పకుండా యాంపూల్, ఆర్డర్ ఇచ్చి ఆమెనే విడిగా లెక్క కట్టమను. "28 వచ్చింది, కరెక్టేనా అక్కా" అంటే ఎవరైనా అవుననే అంటారు. ఆమె అంకె, నీ అంకె, కార్డు అంకె మూడూ కలవకపోతే ఆ మందు ఆగాల్సిందే. ఫోన్‌లో నోటి మాటగా వచ్చిన ఆర్డర్ అయితే రాసుకుని, రాసింది తిరిగి చదివి వినిపించు. కార్డు ఒకటి, డాక్టర్ ఆర్డర్ ఇంకొకటి చెబితే కార్డు ప్రకారం ఇచ్చేయకు, ఆర్డర్ ప్రకారమూ ఇచ్చేయకు, ఫోన్ చెయ్యి.

తయారీ సంగతి: అరచేయంత అట్ట, రెండు వైపులా, ఐదారు కార్డులకి మించకూడదు, ఒక మూల రంధ్రం చేసి రింగు. మూలన తేదీ వెయ్యి. స్టోర్ నుంచి కొత్త కంపెనీ మందు వచ్చిన రోజే డబ్బా పక్కన పెట్టి ఆ లైను సరిచూసుకో, మారితే లామినేషన్ చింపి మళ్ళీ రాయి, పక్కన పెన్నుతో దిద్దిన కార్డు రాత్రి లైట్లో చదవలేం.

మీ వార్డులో సిరింజ్ పంపులు ఉన్నాయో లేదో రాయలేదు నువ్వు. ఉంటే ఏ కంపెనీవో, నారడ్రినలిన్, డోపమిన్ మీవాళ్ళు ఎన్ని మిల్లీలీటర్లలో కలుపుతారో చెప్పు, ఆ కార్డు సంగతి విడిగా రాస్తాను.